నిండుపేరు - ముద్దుపేరు



మన ఇళ్లలో పసిబిడ్డకు పేరు పెట్టడం ఎంత పెద్ద పనో మీకు వేరే చెప్పాలా! నక్షత్రం చూడాలి, మొదటి అక్షరం కుదరాలి, ఇలవేల్పు పేరు కలవాలి, పోయిన పెద్దల పేరు నిలవాలి, మధ్యలో ఆడపడుచు అలగకుండా చూసుకోవాలి. నెల్లాళ్లు తర్జనభర్జన పడి, బాలసారె నాడు పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి చేత ఉంగరంతో ఆ పేరు రాయించి, బిడ్డ చెవిలో చెప్పి, వచ్చిన పేరంటాళ్లందరికీ శనగలూ తాంబూలమూ ఇచ్చి పంపిస్తాం. తెల్లవారేసరికి ఆ పేరు ఆ బియ్యంతో పాటే డబ్బాలోకి వెళ్లిపోతుంది. ఉయ్యాలలో ఉన్నది బుజ్జి. లేకపోతే చిట్టి, పండు, చంటి, బేబి.

మా పక్క వాటాలో ఉండే అమ్మాయి ఈ మధ్య ఒక మధ్యాహ్నం పాపను చంకనేసుకుని వచ్చి కూర్చుంది. "పిన్నిగారూ, ఎంతో ముచ్చటపడి దీనికి సుభద్ర అని పెట్టుకున్నాం. మా ఇంట్లో ఒక్కళ్లూ అలా పిలవరు. మామగారు సుబ్బులు అంటారు. మరిది సుబ్బీ అంటాడు. మా ఆడపడుచు పిల్లలు షుబ్బూ అంటున్నారు. రేపు బళ్లో కూడా ఇదే ఖాయమైపోతుందేమోనని బెంగగా ఉంది. పేరు చెడకుండా చూసుకోవడం ఎట్లాగండీ?" అంది.

"మరి నువ్వేమని పిలుస్తావు?" అన్నాను.

తల వంచుకుంది. "బేబీ అంటానండీ. సుభద్ర మా అత్తగారి పేరు కదా! ఆవిడ ఎదురుగా ఎట్లా పిలవను?"

చూశారా, చిక్కంతా అక్కడే ఉంది. ఆ అమ్మాయికి అప్పటికప్పుడు ఏ సలహా చెప్పాలో నాకు తోచలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పెద్దలు రాసిన పుస్తకాలు నాలుగు తిరగేస్తే, ఈ నిండుపేరు, ముద్దుపేరుల తగవు ఈనాటిది కాదని తెలిసింది. అదే మీతో చెప్పుకుందామని.

మన గృహ్యసూత్రాలు పేరు గురించి చాలా పట్టింపుగా మాట్లాడాయి. మగపిల్లవాడి పేరుకు సరి సంఖ్యలో అక్షరాలుండాలి, రెండో నాలుగో. ఆడపిల్ల పేరుకు బేసి సంఖ్య ఉండాలి, చివర దీర్ఘం రావాలి. మనుస్మృతి పదో రోజునో పన్నెండో రోజునో పేరు పెట్టమంది. ఆడపిల్ల పేరు నోటికి సుఖంగా పలకాలనీ, కఠినంగా ఉండకూడదనీ, అర్థం ఇట్టే తెలియాలనీ, మనసుకు ఇంపుగా, దీవెనలా ఉండాలనీ చెప్పింది. మనువు ఆడవాళ్ల గురించి చెప్పినవన్నీ మనకు నచ్చవు గానీ ఈ మాట మటుకు బాగుంది. ఈ లెక్కన మా పక్కింటి పాప పేరు చక్కగా అమరింది. సుభద్రా: మూడక్షరాలు, చివర దీర్ఘం, అర్థం మంగళప్రదం.

ఇంకో విశేషం. ఆశ్వలాయన గృహ్యసూత్రంలో, పిల్లవాడికి ఇంకో పేరు కూడా చూసిపెట్టమనీ, దాన్ని ఒడుగు అయ్యేదాకా తల్లిదండ్రులు మాత్రమే తెలుసుకుని ఉండాలనీ ఉంది. అంటే అందరూ పిలిచే పేరు ఒకటి, దాచుకునే పేరు ఒకటి. మనిషికి రెండు పేర్లుండటం తప్పని ఆ రోజుల్లో ఎవరూ అనుకోలేదన్న మాట.

సరే, పేరును కురచ చేయడం సంగతి? దీనికి సమాధానం నేను బొత్తిగా అనుకోని చోట దొరికింది. వ్యాకరణంలో! సుమారు 2,400 ఏళ్ల కిందటి పాణిని తన అష్టాధ్యాయిలో, ఎక్కువ అచ్చులున్న మనిషి పేరును కురచ చేసి పిలవడానికి సూత్రాలే రాశాడు. దానికి వ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణ దేవదత్తుడు. వాణ్ణి ముద్దుగా దేవికుడనీ, దేవియుడనీ, దేవిలుడనీ పిలవవచ్చునట. మన వెంకటేశ్వర్లు వెంకి అయినట్టు, సుబ్రహ్మణ్యం సుబ్బు అయినట్టూ. ఆనాటి తల్లులు కూడా వీధి గుమ్మంలో నిలబడి కురచ పేర్లతోనే పిల్లల్ని కేకేశారన్న మాట.

అయితే పాణిని ఒక షరతు పెట్టాడు. ఏ భావంతో పిలిస్తే ఈ పేర్లు వస్తాయో కూడా చెప్పాడు. ఆ మాట 'అనుకంప'. అంటే దయ, జాలి, ఆపేక్ష. దానికి రెండు సూత్రాల ముందే ఇంకో భావం చెప్పాడు. అది 'కుత్స', అంటే నింద, చులకన. ఒకే ప్రత్యయం ఆపేక్షగా అన్నా చేరుతుంది, చులకనగా అన్నా చేరుతుంది. తేడా అక్షరాల్లో లేదు, అనే వాళ్ల మనసులో ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే, తక్కిన చరిత్ర అంతా దానంతట అదే అర్థమవుతుంది.

పాణిని తరువాత మహాభాష్యం రాసిన పతంజలి ఇంకో ఉదాహరణ ఇచ్చాడు. అది వింటే మీకు సంతోషం కలుగుతుంది. పేరులో ముందు సగమో వెనక సగమో వదిలేసి పిలుస్తారంటూ, సత్యభామను భామ అంటారని చెప్పాడు. రెండు వేల ఏళ్లు దాటింది ఆ మాట అని! మన నంది తిమ్మన గారి పారిజాతాపహరణంలో అలిగి పడుకున్న సత్య, కూచిపూడి వారి భామాకలాపంలో జడ ముందుకు వేసుకుని వచ్చే భామ, ఇద్దరూ ఆ కురచ పేర్లవారే. కురచ అయినంత మాత్రాన పేరు చిన్నబోయిందా? లేదే! ఆ సంగతికి చివర మళ్లీ వస్తాను.

మన తెలుగు గడ్డ మీది పాత శాసనాల్లో ఆడవాళ్ల పేర్లు చూస్తే ఇంకో ముచ్చట కనిపిస్తుంది. మూడో శతాబ్దంలో నాగార్జునకొండ దగ్గర ఇక్ష్వాకు రాజుల కాలంలో మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించిన మహాదాత ఒక స్త్రీ. రాజు చాంతమూలుడి తోడబుట్టినది. శాసనంలో ఆవిడ పేరు చాంతిసిరి. సంస్కృతంలో శాంతిశ్రీ అనాలి. ఆనాటి ప్రాకృతం నోట్లో శాంతి 'చాంతి' అయింది, శ్రీ 'సిరి' అయింది. అదే చోట బోధిసిరి అనే ఉపాసిక పేరు కూడా ఉంది. మనం కూడా లక్ష్మిని లచ్చి అంటాం, కృష్ణయ్యను కిష్టయ్య అంటాం. దీన్ని పేరు చెడిపోవడం అనడానికి వీల్లేదు. జనం నాలుక ఆ పేరును సొంతం చేసుకోవడం అది. చాంతిసిరి సిగ్గుపడకుండా ఆ పేరునే రాతి మీద చెక్కించుకుంది. పదిహేడు వందల ఏళ్లు నిలిచింది.

నాసిక్ గుహలో శాతవాహన రాజమాత గౌతమీ బలశ్రీ వేయించిన శాసనం కూడా అటువంటిదే. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి ఘనత అందులో చెప్పించింది. తన పేరు కూడా చెప్పించింది. ఫలానా వాడి తల్లి అని మాత్రం రాయించుకుని ఊరుకుంటే, ఈనాడు ఆవిడను మనం ఏమని తలుచుకునేవాళ్లం?

రాయించని చోట ఏమవుతుందో కూడా చరిత్రే చెబుతుంది. కాకతి రుద్రమదేవి సంగతి చూడండి. 13వ శతాబ్దం చివర ఈ తీరం గురించి రాసిన మార్కోపోలో, మోటుపల్లి రాజ్యాన్ని ఏలిన రాణి తెలివినీ, ధర్మబుద్ధినీ ఎంతో మెచ్చుకున్నాడు. వజ్రాల గురించీ, సన్నని బట్టల గురించీ వివరంగా చెప్పాడు. రాణి పేరు మటుకు రాయలేదు! శాసనాల్లో చాలాచోట్ల రుద్రదేవ మహారాజు అని మగ పేరు కనిపిస్తుంది. అది రాజ్యం కోసం తొడుక్కున్న పేరు. నల్లగొండ దగ్గరి చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటి దొరికింది. ఆవిడ శివసాయుజ్యం పొందిన కబురు చెప్పే రాయి అది. అటువంటి రాళ్లే లేకపోతే అంత మహారాణి కూడా మనకు పేరు లేని ఒక రాణిగానే మిగిలిపోయేది.

ఇక మన తెలుగు ఇళ్ల లోపలికి వద్దాం. తాళ్లపాక అన్నమాచార్యుల వారి ఇల్లాలు తిరుమలమ్మ. ఇంటి పేరు పిలుపు తిమ్మక్క. సుభద్రాకల్యాణం రచించి తొలి తెలుగు కవయిత్రిగా పేరు పొందినదీ ఆ తిమ్మక్కే. ఆ ఇంట్లోనే అన్నమాచార్యుల వారి మనుమడు తిరువేంగళనాథుడు. ద్విపద కావ్యాలు రాసిన అంతటివాణ్ణి లోకం చిన్నన్న అంది. అన్నమాచార్యుల వారు కూడా మనకు అన్నమయ్యే కదా! ఆ ఇంట్లో ముద్దుపేరూ ఉంది, నిండుపేరూ ఉంది. ఒకటి పిలవడానికి, ఒకటి గ్రంథం మీద రాయడానికి. రెంటికీ తావుంది గనుక ఏదీ పోలేదు.

అసలు మన ఇళ్లలో ముద్దుపేర్లు ఎందుకు పుట్టాయి? ముద్దు ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. మా పక్కింటి అమ్మాయి చెప్పిందే పెద్ద కారణం. పిల్లకు నాయనమ్మ పేరు పెడతాం. పిల్లవాడికి తాతగారి పేరు పెడతాం. కోడలు అత్తగారి పేరు ఎత్తకూడదు, మామగారి పేరు ఎత్తకూడదు. ఎత్తకపోవడం సరే, పిల్ల అల్లరి చేస్తే తిట్టాలి కదా! అత్తగారి పేరు పెట్టి "నీ దుంప తెగ" అంటే ఇల్లు నిలుస్తుందా? అందుకని బుజ్జి వచ్చింది, అమ్మలు వచ్చింది, బాబు, నాని, చిన్ని అన్నీ వచ్చాయి. అంటే ముద్దుపేరు మొదట నిండుపేరును పాడు చేయడానికి రాలేదు. దాని మీద దుమ్ము పడకుండా కప్పిన గుడ్డలా వచ్చింది.

ఇంకో కారణం భయం. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతూ ఉంటే, ఆ తల్లి కొత్త బిడ్డను ఎంగిలి విస్తరాకుల్లో పొర్లించి పుల్లయ్య అనేది. పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి పెంటయ్య, పెంటమ్మ అనేది. దేవుడు పెట్టిన భిక్ష అని భిక్షమయ్య అనేది. మృత్యువు కూడా ఈ బిడ్డ ఎందుకూ పనికిరాదని వదిలేసి పోవాలని ఆశ. ఈనాడు ఆ పేర్లు విని నవ్వే వాళ్లున్నారు. వాటి వెనక ఎన్ని ఖాళీ ఉయ్యాలలున్నాయో తెలిస్తే నవ్వరు. పాణిని చెప్పిన అనుకంపకు ఇంతకు మించిన ఉదాహరణ ఉంటుందా?

కానీ సోదరీమణులారా, కప్పిన గుడ్డ తీయడం మరిచిపోతే, లోపల ఏముందో కొన్నాళ్లకు ఎవరికీ గుర్తుండదు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా ఇంట్లో నా వల్లే జరిగింది.

మా అమ్మమ్మను ఊరంతా చిట్టెమ్మగారు అనేవాళ్లు. తాతయ్య బడిపంతులుగా చేసి రిటైరై పోయారు. ఆయన పోయిన కొన్నాళ్లకు ఒక రోజు నేను అరుగు మీద గవ్వలాడుకుంటుంటే పోస్టుమాన్ రిజిస్టరు కవరు తెచ్చి, "సీతామహాలక్ష్మిగారు ఉన్నారా?" అని అడిగాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. "అట్లాంటి వాళ్లెవరూ మా ఇంట్లో లేరు" అని ఠక్కున చెప్పేశాను. పోస్టుమాన్ కొత్తవాడు, అతనికీ తెలియదు. వెళ్లిపోయాడు. లోపల పొయ్యి ముందున్న అమ్మమ్మ కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎవరి పేరు చెప్పాడే?" అంది. చెప్పాను. అలా నిలబడిపోయి, "అది నా పేరే తల్లీ" అంది. ఆ మాట అనడానికి కూడా ఆవిడకు కాస్త వ్యవధి పట్టింది.

అది తాతయ్య తాలూకు కుటుంబ పింఛను కాగితం. తిరిగి వెళ్లిపోయింది. ఆ తరువాత చిట్టెమ్మా, సీతామహాలక్ష్మీ ఒక్కరేనని రుజువు చేయడానికి మా మామయ్య ఎన్నిసార్లు తిరిగాడో! ఊళ్లో సాక్ష్యం చెప్పమంటే పెద్దమనుషులు కూడా తటపటాయించారు. అబద్ధమాడుతున్నారని కాదు, వాళ్లకు నిజంగానే ఆ పేరు తెలియదు. ఆరు నెలలు ఆ ఇల్లు అప్పుల మీద నడిచింది. అమ్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ "లేరు" అన్న నా మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

ఆడవాళ్ల పేర్లకు ఈ గతి తొందరగా పడుతుంది. పుట్టింట చిట్టి, అత్తింట కోడలు పిల్ల, ఆ తరువాత ఫలానా వాడి అమ్మ, చివరకు మామ్మగారు. పేరు పిలిచే వాళ్లే ఉండరు. కొన్నిచోట్ల పెళ్లితో పేరు కూడా మార్చేసేవాళ్లు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ధర్మపత్ని, వితంతువులకు అమ్మలా నిలిచిన రాజ్యలక్ష్మమ్మగారు పుట్టింట బాపమ్మ. గురజాడ వారి కన్యాశుల్కంలో డబ్బుకు అమ్ముడుపోబోయిన ఆ చిన్నపిల్లను మనం సుబ్బి అనే వింటాం. ఆ పిల్లకు బాల్యమే దక్కనీయని ఇంట్లో నిండుపేరు ఎవరికి కావాలి? ఇటువంటి రోజుల్లోనే భండారు అచ్చమాంబ గారు అబలా సచ్చరిత్ర రత్నమాల అని స్త్రీల చరిత్రలు వెతికి వెతికి రాశారు. 1902లో ధనత్రయోదశి కథ రాశారు. తన పేరు నిండుగా వేసుకున్నారు. ఆవిడ ఆయుర్దాయం ముప్పయ్యేళ్లు చిల్లర. అయినా పేరు దక్కింది, ఇంకెందరి పేర్లో దక్కించి వెళ్లింది.

ఇక రెండో రకం కురచ పేరు, చులకన పేరు. పొలం ఆసామి లక్ష్మమ్మగారు, ఆ పొలంలో నాట్లు వేసే ఆవిడ లచ్చి. ఆయన వెంకయ్యగారు, పాలేరు వెంకడు. పేరు ఒక్కటే, తోక తేడా! మన భాషలో 'గారు'కీ 'గాడు'కీ మధ్య ఎంత దూరమో పిలిపించుకునే వాళ్లకే తెలుసు. హైదరాబాదులో మాదరి భాగయ్యగా పుట్టిన ఒకాయన భాగ్యరెడ్డి వర్మ అని నిండుపేరుతో నిలబడి, 1906 నుంచి అణగారిన జనం కోసం సంఘాలు పెట్టారు, ఆడపిల్లలకు బడులు పెట్టించారు. ఆ నిండుపేరు డాబు కోసం కాదు. నన్నూ మనిషిలా పిలవండని అడగడం అది.

ఈ చులకన సముద్రాలు కూడా దాటింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లిన వాళ్లు అందులో ఉన్నారు. 1911 దాకా అలా లక్షన్నర మంది వెళ్లారు. వాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లు కూడా ఎందరో. రామస్వామి, మునుస్వామి, అప్పలస్వామి, అక్కడి తెల్లవాళ్లకు అందరూ ఒక్కటే: 'సామీ'. కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడమనిషి ఎవరైనా సరే, 'మేరీ'. గాంధీగారు తమ ఆత్మకథలో ఈ 'సామి' సంగతి రాశారు. సామి అంటే స్వామి, అంటే యజమాని అని అర్థం. తెలివైన మనవాళ్లు, నేను మీకు యజమానిని కానే, అలా ఎందుకు పిలుస్తారు అని ఎదురు అడిగేవాళ్లట! కొందరు తెల్లవాళ్లకు సిగ్గేసేదట, కొందరికి కోపం వచ్చేదట.

కానీ ఒక్కటి. ఓడ ఎక్కేటప్పుడు గుమాస్తాలు ప్రతి మనిషి పేరూ, తండ్రి పేరూ, ఊరూ పట్టీల్లో రాశారు. రాతలో తప్పులున్నాయి. అయినా ఆ పట్టీలు నిలిచాయి. ఈనాడు అక్కడి మనుమలు, మునిమనుమలు తమ వాళ్ల అసలు పేరు కోసం వాటినే వెతుక్కుంటున్నారు. ఎవరి నోట్లో చెడినా, రాసి ఉన్న పేరు మళ్లీ దొరుకుతుంది.

ఇన్ని చెప్పాను గనుక ముద్దుపేర్ల మీద కక్ష గట్టానని అనుకోకండి. మనిషి తానే కోరి పెట్టుకున్న కురచ పేరు అలంకారమే. శ్రీరంగం శ్రీనివాసరావు గారు శ్రీశ్రీ అయ్యారు. శివరాజు వెంకట సుబ్బారావు గారు బుచ్చిబాబు అయ్యారు. సత్తిరాజు లక్ష్మీనారాయణ గారు బాపు. మన రేడియోనే చూడండి. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు తెలుగుదేశంలో పిల్లలందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. పిల్లలు ప్రేమతో కట్టిన బిరుదులవి. తాము ఒప్పుకున్న పేరుకూ, తమ మీద ఇతరులు అతికించిన పేరుకూ తేడా ఉంది. పసిబిడ్డ ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. పెద్దయ్యేదాకా ఆ బిడ్డ తరఫున ఆ పేరుకు కాపలా మనమే.

మరి ఆ కాపలా ఎట్లాగ? యుద్ధం చేయనక్కరలేదు. మరిది సుబ్బీ అన్నప్పుడల్లా మొహం ముడుచుకుంటే, వాడు ఇంకో పదిసార్లు అంటాడు. నవ్వుతూనే, "సుభద్ర నిద్రపోతోందయ్యా" అని నిండుపేరుతో బదులు చెబితే చాలు. రోజుకు ఒక్కసారైనా ఇంట్లో నిండుపేరు వినబడాలి. స్నానం చేయించి బొట్టు పెట్టేటప్పుడు, దీపం దగ్గర దణ్ణం పెట్టించేటప్పుడు పూర్తి పేరు పలకండి. కురచగా పిలవాలని ఉంటే ఆ కురచ పేరేదో మీరే ఏరి పెట్టండి. భద్ర అనండి, ఎంత బాగుంటుంది! ఖాళీగా ఉంటే వీధి వాళ్లు వాళ్లకు తోచింది నింపుతారు. పిల్ల మాటలు నేర్చి, "నన్నట్లా పిలవద్దు" అన్న రోజున ఆ పేరు అక్కడితో ఆపండి. అప్పుడిక అందులో ఆపేక్ష ఉన్నా, పిల్లకు అందేది చులకనే.

కాగితం సంగతి కూడా మరవకండి. మన దేశంలో జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చింది. పుట్టగానే పేరు నిర్ణయం కాకపోతే పేరు లేకుండా నమోదు చేయించి, తరువాత చేర్పించే వీలు అందులో ఉంది. చాలామంది ఆ చేర్పించడమే మరిచిపోతారు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు ఎన్నో పనులకు ఆ జనన పత్రమే ఆధారం. అందులో బేబి అని పడిందా, ఇక ఆ పిల్ల జన్మంతా బేబీయే! నిండుపేరు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, బాలసారె అయిన వారంలోగా అందులోకి ఎక్కించండి. శాసనం వేయించడం మన తరం కాదు గానీ ఈ పని మన చేతిలోనే ఉంది.

ఇదంతా పక్క వాటా అమ్మాయికి చెప్పాను. అంతా విని, "మరి మా అత్తగారో?" అంది. అసలు చిక్కు అదే కదా! "ఆవిడనే అడిగి చూడు" అన్నాను. భయపడింది. మర్నాడు నేనే ఏదో పని పెట్టుకుని వెళ్లి, మాటల మధ్య ఎత్తాను. "వదినగారూ, మనుమరాలికి మీ పేరు పెట్టారు, ఆ పేరు పిలవడానికి మీ కోడలికి నోరు రావడం లేదు" అని.

ఆవిడ బియ్యం ఏరుతున్నది. చేట పక్కన పెట్టి నవ్వింది. "పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక నన్ను ఆ పేరుతో ఎవరు పిలిచారు గనుక! మా నాన్న పోయాక అసలు వినలేదు. పిలవమనండి. ఒక్కసారి వినాలని నాకూ ఉంది" అంది. కోడలు తలుపు చాటున నిలబడి అంతా విన్నది. పాపను ఎత్తుకుని, గొంతు సవరించుకుని, "సుభద్రా" అని పిలిచింది. పిల్ల సంగతి ఏమో గానీ, ఆవిడ తలెత్తి చూసింది.

చివర భామ దగ్గరకు వస్తానన్నాను కదా! భామాకలాపంలో ఆ నాయిక తెర వెనక నుంచి వచ్చి, తానెవరో చెప్పుకునేటప్పుడు చిన్నపేరూ చెబుతుంది, వెంటనే నిండుపేరూ చెబుతుంది. రెండూ ఒక్క ఊపిరిలో, తల ఎత్తి! మన ఆడపిల్లలకు మనం నేర్పవలసింది అంతే. ఇంట్లో ఎన్ని ముద్దుపేర్లయినా ఉండనివ్వండి. గుమ్మంలో ఎవరైనా వచ్చి పేరు అడిగితే నిండుపేరు చెప్పడం రావాలి. ఆ పేరుతో ఇంట్లో ఉన్న పెద్దావిడ ఎవరో కూడా తెలిసి ఉండాలి.

ఈ సాయంకాలం మీ ఇంట్లో మామ్మగారినో, అమ్మమ్మగారినో ఒకసారి అడిగి చూడండి, ఆవిడ నిండుపేరు ఏమిటో. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

మరి సెలవు.